ఫిర్మిన్ ఇచ్చిన చక్రం

స్టేన్‌హుక్ ఊరి చర్చిలో ఆదివారం పూజ పదిన్నరకి. ఏడాదికి ఒక్కరోజు మాత్రం ఫాదరు దాన్ని తొమ్మిదికి జరుపుతాడు. ఏప్రిల్ సైకిల్ రేసు ఉన్న ఆదివారం నాడు పదిన్నరకే పట్టుబడితే లోపల తనూ కొవ్వొత్తులూ తప్ప ఇంకెవరూ మిగలరని ఆయనకి అనుభవం మీద తెలిసింది. సైకిలు రేసులంటే పడిచచ్చే ఈ ఫ్లాండర్స్ సీమలో దేవుడికి కూడా తన హద్దులు తెలుసు.

ఆ రోజు ఊరంతా ఒక ఎత్తు, ఊలెన్ మెట్ట మలుపులో ఉన్న ఎర్ర ఇటుకల ఇల్లు ఒక ఎత్తు. అది ఫిర్మిన్ వాండెకస్టీల్ ఇల్లు. అసలైతే అది అతని మామగారిది. రాళ్ళ బాట ఆ ఇంటి ప్రహరీగోడని ఒరుసుకుంటూ పైకెక్కుతుంది. రేసు ఆ బాట మీదుగానే పోతుంది గనక ఆ ఇంటికి పిలుపు రావడం ఊళ్ళో చిన్న విషయం కాదు. మధ్యాహ్నం ఫిర్మిన్ పెళ్ళాం గోడెలీవ్ నల్లబీరు పోసి వండిన కుందేలు కూర, ఆ పైన విరిగిన పాలతో చేసిన టార్టు, కాఫీ. ఆ తర్వాత కిటికీ తెరలు దించి క్యాసెట్ వేస్తారు. అది చూశాకే ఆ యేటి రేసు. ముప్ఫై మూడేళ్ళుగా ఇదే వరస.

ఆ క్యాసెట్ కొత్త సంగతి కాదు. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది నాటి ఇదే ఏప్రిల్ రేసుది. అందులో ఫిర్మిన్ కనిపించేది అంతా కలిపి ఐదు సెకన్లు. ఆ ఐదు సెకన్ల కోసమే ముప్ఫై మూడేళ్ళుగా కుందేళ్ళు కుండలోకి దిగుతున్నాయి.

ఫిర్మిన్‌కి ఇప్పుడు అరవై ఎనిమిది. బక్కపల్చని మనిషి. మాట తక్కువ. ఇరవై ఏడేళ్ళు కార్పెట్ల ఫ్యాక్టరీలో మగ్గాల మధ్య నిలబడడం వల్ల చెవులు కాస్త మందం. దానికి ముందు ఎనిమిదేళ్ళు సైకిలు తొక్కడమే బతుకు. అలాగని గోడల మీద బొమ్మలు పడే రైడరు కాదు. నీళ్ళ మోతగాడు. ఆ మాట ఇక్కడ తిట్టూ కాదు, పొగడ్తా కాదు. అది ఉద్యోగం పేరు. జట్టుకి ఒక కెప్టెన్ ఉంటాడు, గెలవడం ఆయన పని. మిగతావాళ్ళు ఆయనకి ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కాలి. వెనక వచ్చే కారు దాకా జారి, సీసాలు చొక్కాలో కుక్కుకుని మళ్ళీ ఎక్కి తెచ్చివ్వాలి. ఆయన చక్రం పంచరైతే తమ చక్రం ఊడదీసి ఇచ్చి, ఆ పంచరు చక్రం పట్టుకుని రోడ్డు పక్కన నిలబడాలి. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా? మోసేవాడికే తెలుస్తుంది కావడి బరువు. కానీ ఈ కావడి మోసినవాళ్ళు బరువు గురించి నోరెత్తరు. ఎత్తినవాడికి మరుసటి యేడు జట్టులో చోటుండదు.

ఫిర్మిన్ కెప్టెన్ పేరు మార్సెల్ హైఘె. ఊరి చావడిలో కంచు తలకాయ ఉంది చూడండి, ఆ మార్సెలే. బతికుండగా తన తలకాయకి తనే పూలదండ వేసుకున్న మహానుభావుడు.

డెబ్బై ఎనిమిదిలో ఏం జరిగిందో స్టేన్‌హుక్‌లో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలుసు. రేసు ముగియడానికి ఇంకా పద్దెనిమిది కిలోమీటర్లుంది. ముందు ఐదుగురే మిగిలారు. అందులో మార్సెల్ ఉన్నాడు, ఫిర్మిన్ ఉన్నాడు. ఊలెన్ మెట్ట సగం ఎక్కారో లేదో మార్సెల్ "పంచర్" అని అరిచి ఆగిపోయాడు. జట్టు కారు ఆ ఇరుకు బాటలో ఎక్కడో వెనక ఇరుక్కుంది. ఫిర్మిన్ దిగాడు. ముందు చక్రం ఊడదీసి ఇచ్చేశాడు. మార్సెల్ వెళ్ళి మిగతా ముగ్గురినీ పట్టుకుని గెలిచాడు. ఫిర్మిన్ కాబోయే మామగారి గోడ దగ్గరే మూడున్నర నిమిషాలు నిలబడి, కారు వచ్చాక వేరే చక్రం వేసుకుని, ముప్ఫై ఎనిమిదోవాడిగా గీత దాటాడు. తన ఊళ్ళో, తన వాళ్ళ ముందు, జీవితంలో అంతవరకూ ఎన్నడూ లేనంత ముందు ఉన్న రోజున, దిగి చక్రం ఇచ్చాడు.

అప్పటి నుంచీ అతని పేరు చక్రం ఇచ్చిన ఫిర్మిన్. కల్లుదుకాణం లాంటి ఇక్కడి బీరు కొట్లో అతని గ్లాసు ఎప్పుడూ ఖాళీగా ఉండనివ్వరు. బడి పంతులు త్యాగం అంటే ఏమిటో చెప్పడానికి ఏసుక్రీస్తు తర్వాత ఫిర్మిన్ పేరే చెప్పేవాడు. ఫిర్మిన్ తొక్కడం మానేశాక ఫ్యాక్టరీలో ఉద్యోగం వేయించింది మార్సెలే. ఆ ఫ్యాక్టరీ ఆయన బావమరిదిదే. ఫిర్మిన్‌కి కూతురు పుట్టినప్పుడు చర్చిలో బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడిందీ మార్సెలే. మరుసటి యేడు నీ కోసం నేను తొక్కుతాను అని ఆయన గెలిచిన రోజున మాటిచ్చాడు. ఆ మరుసటి యేడు ఇంకా రాలేదు. రాకపోయినా ఏప్రిల్ రేసు ఆదివారం మాత్రం మార్సెల్ తప్పకుండా వస్తాడు, తలాన్చుకునే పెద్ద కుర్చీలో కూర్చుంటాడు, కుందేలు తొడ ఆయనకే.

ఈ యేడు కూడా వచ్చాడు. డెబ్బై ఏళ్ళు, ఎర్రటి మొహం, నడుం నొప్పి. ఎదురింటి విల్‌ఫ్రీడ్ వచ్చాడు. ఒకప్పుడు మాంసం కొట్టు నడిపినవాడు, ఏ యేడు ఏ రేసులో ఎవడు ఎక్కడ పడ్డాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఫ్యాక్టరీ నేస్తాలు ఇద్దరు వచ్చారు. గెంట్ పట్నం నుంచి కూతురు కత్రీన్ వచ్చింది. ఆమెకి అక్కడ టీవీ వాళ్ళ పాత టేపులు భద్రం చేసే చోట ఉద్యోగం.

టార్టు ముక్కలు అయ్యాక ఫిర్మిన్ అలవాటు ప్రకారం అల్మరాలోంచి క్యాసెట్ తీయబోయాడు.

"అది వద్దు నాన్నా," అంది కత్రీన్. "కూర్చో. ఇవాళ నేను తెచ్చింది చూడు."

"ఏం తెచ్చావే?"

"అదే రేసు. అసలు టేపు. ఆ రోజు మన ఎదురింటి కప్పు మీద ఇంకో కెమెరా పెట్టారట. అది తీసిందాంట్లో టీవీలో వేసింది ఐదు సెకన్లే. మిగతాది అట్టపెట్టెలో పడి ఉంది. ఆర్నెల్లు వెతికి పట్టుకుని శుభ్రం చేయించాను. రంగులతో సహా ఉంది. నువ్వు చక్రం ఇవ్వడం, ఆ తర్వాత నిలబడ్డ మూడున్నర నిమిషాలూ మొత్తం ఉన్నాయి. నేనూ చూడలేదు. నీతో కలిసి చూడాలని ఉంచాను."

"మా కప్పేగా," అన్నాడు విల్‌ఫ్రీడ్. "మా నాన్న వాళ్ళ దగ్గర బీరు పెట్టె పుచ్చుకుని ఎక్కనిచ్చాడు. నిచ్చెన పట్టుకున్నది నేనే."

అందరికీ పోద్దామని ఫిర్మిన్ అందుకున్న కాఫీ కూజా అతని చేతిలో అలాగే ఉండిపోయింది. గోడెలీవ్ వచ్చి దాన్ని అతని చేతిలోంచి తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఫిర్మిన్ నలభై ఒక్క యేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి. ఆ రోజు మార్సెల్ తన చక్రం వదిలేసి ఫిర్మిన్ చక్రంతో వెళ్ళిపోయాడు కదా. వదిలేసిన చక్రం ఫిర్మిన్ చేతిలో ఉంది. అలవాటుగా బొటనవేలితో టైరు నొక్కి చూశాడు. రాయిలా ఉంది. చుట్టూ తిప్పి మళ్ళీ నొక్కాడు. ఎక్కడా ఒక మేకు లేదు, గాజుపెంకు లేదు, ఒక్క ఊపిరి గాలి కూడా పోలేదు. పంచరూ లేదు, గించరూ లేదు. ఆ రోజు ముందున్న ఐదుగురిలో అందరికన్నా గట్టిగా ఉన్నవాడు ఫిర్మిన్. అది ఫిర్మిన్‌కి తెలుసు, పక్కనే తొక్కుతున్న మార్సెల్‌కీ తెలుసు. మెట్ట పైకి చేరితే ఫిర్మిన్ అతణ్ణి వదిలేసి పోయేవాడు. అందుకని మార్సెల్ మెట్ట మధ్యలో అతని చక్రం అడిగాడు. అడిగితే ఇవ్వడమే కదా మోతగాడి పని.

గట్టి చక్రమే గనక దాన్నే తగిలించుకుని వెంటపడవచ్చు. ఫిర్మిన్‌కి ఆ ఆలోచన వచ్చింది కూడా. కానీ అలా వెళ్తే గీత దగ్గర పేపరువాళ్ళు అడుగుతారు, పంచరైన చక్రం మీద ఎలా వచ్చావని. లేదా కారు వచ్చాక మెకానిక్ చక్రం తీసుకుంటాడు, నొక్కుతాడు, నలుగురిలో ఇదేంటని అడుగుతాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఫిర్మిన్ ఆలోచించి చేశాడని కూడా చెప్పలేం. ఎనిమిదేళ్ళు సీసాలు మోసిన చేతులు వాటంతటవే చేశాయి. వంగి, వాల్వు మరతిప్పి, గోటితో నొక్కి, టైరులో గాలంతా తీసేశాడు. కారు వచ్చేసరికి చక్రం బాగా మెత్తబడి ఉంది. మార్సెల్ పంచరు నిజమైంది.

ఆ తర్వాత దాన్ని మనసులో ఇలా సర్దుకున్నాడు. దోచుకోబడ్డవాడి కన్నా ఇచ్చినవాడు గొప్ప. దోచుకోబడ్డవాడికి ఎవడూ బీరు పోయడు. నిజం మింగలేకపోయినా కక్కలేకపోయినా ఆ ఐదు సెకన్ల మసక బొమ్మ మాత్రం అతనిదే. అందులో అతను దిగుతాడు, ఇస్తాడు, అయిపోతుంది. టైరు కనిపించదు. ముప్ఫై మూడేళ్ళుగా ఆ మసకే అతన్ని కాపాడింది. ఇప్పుడు కన్నకూతురు ఆర్నెల్లు కష్టపడి ఆ మసక తుడిచి తెచ్చింది.

"ఇప్పుడెందుకమ్మా, పాతదే చూద్దాం," అన్నాడు ఫిర్మిన్. "నాకు ఆ క్యాసెట్టే అలవాటు."

"ఒరేయ్, పిల్ల అంత కష్టపడి తెస్తే," అన్నాడు పెద్ద కుర్చీలోంచి మార్సెల్. "వెయ్యమ్మా. నా అందం రంగుల్లో చూడాలని నాకూ ఉంది."

మార్సెల్‌ని ఫిర్మిన్ ఇప్పటికీ మీరు అంటాడు. జట్టులో చేరిన మొదటిరోజు అన్న మాట అలా ఉండిపోయింది. మీరు అన్నవాడితో వాదన ఎలా పెట్టుకుంటాం? కూర్చున్నాడు.

తెర మీద ఊలెన్ మెట్ట వెలిగింది. అందరూ ఒక్కసారి అబ్బ అన్నారు. చొక్కాలు నారింజ రంగువని ఫిర్మిన్ మర్చిపోయాడు. రాళ్ళు తడిగా మెరుస్తున్నాయి. గోడ పక్కన నీలం కోటు తొడుక్కుని ఒక సన్నటి పిల్ల నిలబడి ఉంది.

"అమ్మా, రా, నువ్వే," అని పిలిచింది కత్రీన్.

గోడెలీవ్ గిన్నె తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చింది.

"ఏం జుట్టు అది గోడెలీవ్, పిచ్చుకలు కాపురం పెట్టేట్టున్నాయి," అన్నాడు విల్‌ఫ్రీడ్.

"పిచ్చుకలు కాదు, నువ్వు పెడదామని తిరిగావు. కుదర్లేదు," అంది గోడెలీవ్. ఫ్యాక్టరీ నేస్తాలు నవ్వారు. ఆమె తెర మీంచి చూపు తిప్పలేదు.

ఐదుగురూ మలుపు తిరిగారు. మొదట ఫిర్మిన్. సీటు మీద కుదురుగా కూర్చుని, నోరు మూసుకుని ఎక్కుతున్నాడు. మెట్ట మీద నోరు మూసుకుని తొక్కేవాడి కాళ్ళలో సత్తువ ఉన్నట్టు, తెరిచినవాడి పని అయిపోయినట్టు. ఈ ఊళ్ళో దానికి వేరే పరీక్షలు అక్కర్లేదు.

"చూడండి, నోరు మూసుకుని ఎక్కుతున్నాడు మనవాడు," అన్నాడు విల్‌ఫ్రీడ్ ఉత్సాహంగా. "అమ్మో, ఆడుతూ పాడుతూ ఎక్కుతున్నాడే. ఇది ఆ పాత దాంట్లో తెలిసేదే కాదు..."

అంతలో అతని వెనక మార్సెల్ తెర మీదికి వచ్చాడు. ఒడ్డున పడ్డ చేపలా నోరు బార్లా తెరుచుకుని ఉంది. భుజాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. విల్‌ఫ్రీడ్ సగంలో ఆగిపోయి కాఫీ కప్పు అందుకున్నాడు.

తెర మీద మార్సెల్ చెయ్యెత్తాడు. ఫిర్మిన్ దిగాడు. చక్రం చేతులు మారింది. పాత క్యాసెట్టయితే ఇక్కడ అయిపోయేది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. అలవాటు కొద్దీ ఒకరిద్దరు కొట్టారు కూడా. బొమ్మ ఆగలేదు. మార్సెల్ వెళ్ళిపోయాడు. గోడ దగ్గర నారింజ చొక్కా కుర్రాడు, రెండడుగుల అవతల నీలం కోటు పిల్ల. కుర్రాడు టైరు నొక్కాడు. తిప్పి నొక్కాడు. మెట్ట పైకి చూశాడు. ఆ మొహం చూడలేక ఫిర్మిన్ తన మోకాళ్ళ వైపు చూసుకున్నాడు. తర్వాతది అతనికి తెలుసు.

"ఆగాగు," అంది కత్రీన్. వెనక్కి తిప్పి మళ్ళీ వేసింది. కుర్రాడు వంగాడు. వేళ్ళు వాల్వు దగ్గరికి వెళ్ళాయి. తిప్పాడు. గోటితో నొక్కి పట్టుకున్నాడు. అంతసేపు పట్టుకున్నాడంటే ఆ టైరు ఎంత గట్టిగా ఉండి ఉండాలి.

"నాన్నా, అక్కడ ఏం చేస్తున్నావు?"

గదిలో ఉన్నవాళ్ళందరూ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ సైకిళ్ళ మధ్య పెరిగినవాళ్ళే. ఏం చేస్తున్నాడో ఒక్కరికీ చెప్పనక్కర్లేదు. అందుకే ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఫ్యాక్టరీ నేస్తాల్లో ఒకాయన టార్టు పళ్ళెంలో పొడి వేలితో ఏరుకోవడం మొదలెట్టాడు.

అందరికన్నా ముందు తేరుకున్నవాడు మార్సెల్. రేసుల్లో కూడా ఆయన గెలుపులన్నీ అలా వచ్చినవే, ముందు కదలడంలో.

"ఓరి దొంగా," అన్నాడు, పొట్ట ఊగేట్టు నవ్వుతూ. "గాలి తీస్తున్నావట్రా? అంటే చక్రం బాగానే ఉందన్నమాట. తగిలించుకుని నా వెనక రావచ్చుగా. రాలేకపోయావు. ఆగడానికి సాకు దొరికితే చాలనిపించింది. నలభై ఏళ్ళు దాచావు కదరా, పాపం."

"బాగానే ఉంటే మీరెందుకు ఆగారు మావయ్యా?" అంది కత్రీన్.

"రాళ్ళ మీద ఎవడికి తెలుస్తుందమ్మా? నాకు మెత్తగా తగిలింది. పంచరనుకున్నాను. అనుకోవడం తప్పా?" నవ్వు అలాగే ఉంది గాని కళ్ళు ఫిర్మిన్ మీదికి తిరిగాయి. "చెప్పరా నువ్వే. ఆ రోజు నీ కాళ్ళలో ఏమన్నా మిగిలిందా?"

అందరూ ఫిర్మిన్ వైపు చూశారు. గుమ్మంలోంచి గోడెలీవ్ కూడా చూసింది.

ఒక్క మాట చాలు. ఉంది అంటే చాలు. తెర మీద మూసుకున్న నోరు సాక్ష్యం ఉంది, తెరుచుకున్న నోరు సాక్ష్యం ఉంది. కానీ ఆ మాటతో పాటు ఏమేం ఊడిపడతాయో ఫిర్మిన్‌కి కనిపించింది. చావడిలో కంచు తలకాయ, ఫ్యాక్టరీ ఉద్యోగం, కూతురి జ్ఞానతండ్రి, ముప్ఫై మూడు కుందేళ్ళు. తను ఇచ్చినవాడు కాదు, ఇచ్చినట్టు నటించినవాడని ఊరంతా అంటుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. పెద్దవాళ్ళు కుర్చీలోంచి అడిగితే కావలసిన జవాబు అందివ్వడం అతనికి చేతికొచ్చిన పని. ఆ రోజులాగే, ఆలోచించేలోగానే చేతులు మళ్ళీ చక్రం ఊడదీసేశాయి.

"లేదు," అన్నాడు ఫిర్మిన్. "కాళ్ళలో సత్తువ లేదు. ఆగితే చాలనిపించింది."

"చూశారా," అన్నాడు మార్సెల్. "ఇంతకాలం నేనే వీడికేదో అన్యాయం చేశానని లోపల బాధపడేవాణ్ణి."

విల్‌ఫ్రీడ్ నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. కత్రీన్ తండ్రి వైపు తిరిగింది. పదో ఏట బళ్ళో వ్యాసం రాసి బహుమతి తెచ్చుకున్న పిల్ల, మా నాన్న చక్రం ఇచ్చాడు అని. ఇప్పుడు ఒక్కటే అంది.

"అలాగా."

ఆ అలాగా విన్నాక ఫిర్మిన్‌కి తెలిసింది తనేం ఇచ్చేశాడో. అప్పుడు చక్రం ఒక్కటే పోయింది. సగం మెట్ట దాకా అందరికన్నా గట్టిగా ఎక్కాడన్నది మిగిలింది. ఆ సగం మెట్ట ఎవరికీ చెప్పకుండా తనలో దాచుకున్నాడు, నిద్ర పట్టనప్పుడల్లా దాన్నే మళ్ళీ ఎక్కేవాడు. ఇవాళ అది కూడా తీసి పెద్ద కుర్చీకి అందించాడు.

అంతలో హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. రేసు దగ్గరికొచ్చిందంటే ముందు హెలికాప్టరే చెప్తుంది. ఆ చప్పుడు వింటే ఫ్లాండర్స్‌లో శవం కూడా లేచి గోడ దగ్గరికి వెళ్తుంది. అందరూ బతికిపోయామన్నట్టు గబగబా కోట్లు తొడుక్కుని బయటికి పోయారు. కత్రీన్ కూడా తండ్రి వైపు చూడకుండా వెళ్ళింది. మార్సెల్ గుమ్మం దగ్గర ఫిర్మిన్ భుజం తట్టి వెళ్ళాడు.

ఫిర్మిన్ లేవలేదు. తెర మీద బొమ్మ ఆగి ఉంది, వంగిన కుర్రాడు, నీలం కోటు పిల్ల. గోడెలీవ్ వచ్చి బల్ల మీద కప్పులు ఏరడం మొదలెట్టింది.

"నేను ఎటు చూస్తున్నానో కనపడిందా అందులో?" అంది.

"లేదు. నేను చూడలేదు."

"నీ చేతుల వైపే. రెండడుగులు లేదు మన మధ్య. నువ్వు టైరు నొక్కడం చూశాను. నీ మొహం చూశాను. గాలి తియ్యడం చూశాను. సుయ్ మని వినపడింది కూడా. గోడ లోపలి నుంచి మా నాన్నా చూశాడు. ఆ సాయంత్రం నాతో అన్నాడు, ఈ కుర్రాడు ఎవడి పాపమైనా మోస్తాడు, చేసుకునే ముందు ఆలోచించుకో అని."

ఫిర్మిన్ తలెత్తాడు. నలభై ఒక్క యేళ్ళుగా తనొక్కడే మోస్తున్నాననుకున్న మూట రెండో కొస ఇంకొకరి చేతిలో ఉందని అప్పుడే తెలిసింది.

"మరి ఎప్పుడూ అనలేదేం?"

"నీ అంతట నువ్వు చెప్తావని. పెళ్ళయ్యాక చెప్తావనుకున్నాను. పిల్లకి వాణ్ణి జ్ఞానతండ్రిగా పెడదామన్నావు, అప్పుడైనా చెప్తావనుకున్నాను. ఏటేటా క్యాసెట్ వేసినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు పెట్టుకుని కూర్చున్నాను, ఎందుకనుకున్నావు? చూడలేక. అయినా పోనీలే, మోసేవాడు నువ్వు, దించమనడానికి నేనెవరు అనుకున్నాను. వాడికి తొడ ముక్క వేసి పెట్టాను. నోరు మూసుకుని మెట్టెక్కినవాణ్ణి కట్టుకున్నాను, అది చాలనుకున్నాను."

"గోడెలీవ్..."

"నలభై ఒక్క యేళ్ళు కాచుకుంటే ఇవాళ నోరు విప్పావు. విప్పి, కన్నకూతురి ముందు నీ మీద నువ్వే అబద్ధం చెప్పావు. వాడు చెప్పమన్నాడు కాబట్టి."

ఫిర్మిన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వయసైపోయిన మగవాడు ఏడిస్తే ఎలా ఉంటుందో ఆమెకి చూడాలని లేదు. కప్పులు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంది. బయట జనం ఈలలు వేస్తున్నారు. హెలికాప్టర్ ఇంటి మీదికి వచ్చేసింది, అద్దాలు కదులుతున్నాయి.

గోడ దగ్గర నుంచి మార్సెల్ గొంతు వినిపించింది.

"ఒరేయ్ ఫిర్మిన్, నా నడుం నిలవనివ్వడం లేదురా. ఆ కుర్చీ ఇటు పట్రా, తొందరగా, వచ్చేస్తున్నారు."

ఫిర్మిన్ లేచాడు. తను లేచానని అతనికి తెలిసేసరికే రెండు చేతులూ పెద్ద కుర్చీ చేతుల మీద ఉన్నాయి. గోడెలీవ్ ఆ చేతుల వైపే చూసింది, ఆ రోజు చూసినట్టే. కప్పులు కింద పెట్టింది. దగ్గరికి వచ్చి కుర్చీ తన వైపు లాక్కుంది.

"ఉండు, నేను పట్టుకెళ్తాలే," అంది. "నీకు కాళ్ళలో సత్తువ లేదుగా."